కొత్త కళ్లజోడు: ఏది అలవాటవుతుంది, ఏది అవ్వదు

కొత్త అద్దాలు పెట్టుకుని షాపు మెట్లు దిగుతుంటే నేల కాస్త పైకి లేచినట్టో, కిందికి జారినట్టో ఉంటుంది. గుమ్మాలు ఒరిగి కనిపిస్తాయి. తల తిప్పితే ఎదుట ఉన్నదంతా ఊగుతుంది. వెనక్కి వెళ్లి అడిగితే కౌంటర్‌లో ఉన్నాయన "నాలుగు రోజులు పెట్టుకోండి సార్, అదే సెట్ అయిపోతుంది" అంటాడు. ఎక్కువసార్లు ఆయన మాట నిజమే. కొన్నిసార్లు మాత్రం కాదు. ఈ తేడా తెలియకే కొందరు తప్పు అద్దాలతో నెలల తరబడి తలనొప్పి పడతారు, ఇంకొందరు సరైన అద్దాలని మూడో రోజే బీరువాలో పడేసి పాతవి తగిలించుకుంటారు.

ముందే ఒక గుర్తు చెబుతాను. రోజురోజుకీ ఎంతో కొంత తగ్గుతూ వచ్చే ఇబ్బంది అలవాటుకి సంబంధించింది. ఎదుటి దృశ్యం ఊగడం, నేల వాలడం ఈ రకం. సూటిగా ముందుకు చూసినా అక్షరం మసకగా ఉండటం, ఒక్క కంటికే తేడాగా ఉండటం, వారం గడిచినా మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉండటం, ఇవి అలవాటుతో పోయేవి కావు. లోపం అద్దంలోనో, ఫ్రేములోనో, డాక్టర్ చీటీలోనో ఉంటుంది.

తల ఎందుకు తిరుగుతుంది

మైనస్ అద్దం వస్తువుల్ని కొంచెం చిన్నవిగా చూపిస్తుంది, ప్లస్ అద్దం పెద్దవిగా చూపిస్తుంది. మనం తల కుడికి తిప్పితే మనకు తెలియకుండానే కళ్లు అంతే వేగంతో ఎడమకి తిరుగుతాయి. నడుస్తున్నా ఎదుటి దృశ్యం కుదుపులు లేకుండా ఉండేది అందుకే. లోపలి చెవికీ కంటి కండరాలకీ మధ్య ఉన్న ఈ లెక్క మీ పాత పవర్‌కి సరిపోయి ఉంటుంది. పవర్ మారగానే లెక్క తప్పుతుంది. మెదడు దాన్ని సరిచేసుకునే దాకా కొంచెం వికారం, కళ్లు లాగుతున్నట్టు ఉండటం, సాయంత్రానికి నుదురు బరువెక్కడం మామూలే. సిలిండర్ పవర్, అంటే ఒక దిశలోనే పనిచేసే పవర్ ఉంటే అద్దం ఒక దిశలో ఎక్కువ, ఇంకో దిశలో తక్కువ సాగదీస్తుంది కాబట్టి చదరంగా ఉన్న టేబుల్ ఒక పక్కకి వాలినట్టు ఉంటుంది.

మెదడు ఈ పని బాగానే చేస్తుంది. 1890ల్లో జార్జ్ స్ట్రాటన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ లోకాన్ని తలకిందులుగా చూపించే కటకం కట్టుకుని రోజుల తరబడి గడిపాడు. వారం తిరిగేసరికి ఆ తలకిందుల లోకంలో పెద్దగా తడబడకుండా మసలగలిగాడు. దాంతో పోలిస్తే మన అర పాయింటు మార్పు ఎంత!

మొదటిసారి సిలిండర్ పడినవాళ్లకి, యాక్సిస్ (సిలిండర్ ఏ కోణంలో ఉండాలో చెప్పే అంకె) మారినవాళ్లకి, రెండు కళ్ల పవర్‌కీ బాగా తేడా ఉన్నవాళ్లకి, చాలా ఏళ్ల తర్వాత పరీక్ష చేయించుకుని ఒకేసారి పెద్ద మార్పు వచ్చినవాళ్లకి ఇబ్బంది ఎక్కువ. పిల్లలు తొందరగా సర్దుకుంటారు. ఎక్కువమందికి కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లోపు కుదురుకుంటుంది.

మొదటి మెట్టు: షాపులో ఉండగానే చూసుకోవాల్సినవి

అసలు పని సగం ఇక్కడే ఉంది. బిల్లు కట్టి బయటికొచ్చే తొందరలో మనం వదిలేసేదీ దీన్నే.

కళ్లజోడు చేతికి రాగానే "ఒకసారి లెన్సోమీటర్‌లో పెట్టి పవర్ చూపించండి" అని అడగండి. ఆ మిషన్ కళ్లద్దాలు చేసే షాపుల్లో ఉంటుంది, రెండు నిమిషాల పని. అందులో వచ్చిన అంకెల్ని చీటీతో పోల్చండి. కుడి, ఎడమ అద్దాలు తారుమారు కావడం, మైనస్ బదులు ప్లస్ పడటం అరుదే కానీ జరుగుతాయి.

పోల్చేటప్పుడు ఒక్క విషయంలో కంగారు పడొద్దు. సిలిండర్ పవర్‌ని రెండు రకాలుగా రాయొచ్చు. మైనస్ 1.00, సిలిండర్ మైనస్ 0.50, యాక్సిస్ 90 అని ఒకరు రాస్తే, అదే అద్దాన్ని ఇంకొకరు మైనస్ 1.50, సిలిండర్ ప్లస్ 0.50, యాక్సిస్ 180 అని రాస్తారు. రెండూ ఒకటే. మొదటి రెండు అంకెలూ కలిపితే కొత్త మొదటి అంకె వస్తుంది, సిలిండర్ గుర్తు మారుతుంది, యాక్సిస్ 90 డిగ్రీలు జరుగుతుంది. పాత చీటీ, కొత్త చీటీ పక్కపక్కన పెట్టుకుని "పవర్ ఇంత మారిందేమిటి" అని టెన్షన్ పడేవాళ్లలో కొందరి సమస్య ఇంతే.

తర్వాత పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం. పెద్దవాళ్లలో ఇది ఎక్కువగా 54 నుంచి 74 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అద్దం మధ్యబిందువు మీ కంటిపాపకి ఎదురుగా పడాలి. పడకపోతే ఆ అద్దం ప్రిజంలా పనిచేసి బొమ్మని పక్కకి జరుపుతుంది. పవర్ 4 ఉన్న అద్దం 3 మిల్లీమీటర్లు పక్కకి జరిగినా 1.2 ప్రిజం వచ్చి కూర్చుంటుంది. దాన్ని సరిచేయడానికి కన్ను రోజంతా లోపలికో బయటికో లాక్కుంటూనే ఉండాలి. పవర్ తక్కువైతే ఈ తప్పు అంతగా తెలియదు, ఎక్కువైతే వదలదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు ఫోను కెమెరాతో కొలిచిన పీడీనే నమ్ముకోకుండా, కంటి పరీక్షప్పుడే చీటీ మీద రాయించుకోవడం మేలు.

ఆ తర్వాత ఫ్రేము. అద్దం ముందు నిలబడి చూసుకోండి. కనుబొమ్మలకి సమాంతరంగా ఉందా, ఒక పక్క పైకి లేచిందా? రెప్పవెంట్రుకలు అద్దానికి తగులుతున్నాయా? ముక్కు మీద ప్యాడ్‌లు రెండూ సమానంగా ఆనుతున్నాయా? తల వంచి ఊపితే జారుతోందా? పవర్ 4 దాటినవాళ్లకి అద్దం కంటికి ఎంత దూరంలో ఉందన్నది కూడా లెక్కే. కొత్త ఫ్రేము పాతదానికంటే ముందుకు కూర్చుంటే అదే పవర్ కాస్త వేరుగా పనిచేస్తుంది. కాడలు వంచడం, ప్యాడ్‌లు సర్దడం షాపువాళ్ల పని, దానికి మొహమాటం అక్కర్లేదు. మన ఎండల్లో చెమటకి జోడు జారుతూనే ఉంటుంది కాబట్టి ఆ వంపు సరిగ్గా లేకపోతే మీరు రోజంతా అద్దం పైభాగంలోంచే చూస్తారు, తప్పు పవర్ మీదికి తోస్తారు.

రెండో మెట్టు: మొదటి రోజు

కొత్త జోడు పొద్దున్నే, ఇంట్లో మొదలుపెట్టండి. రోజంతా కంప్యూటర్ చూసి అలసిపోయి సాయంత్రం ఇంటికొస్తూ షాపులో తీసుకుని, అక్కడే తగిలించుకుని బండెక్కితే అది తలనొప్పికి పిలుపే. ఊరికి బయల్దేరే రోజు, పరీక్ష రాసే రోజు అసలే వద్దు.

పెట్టుకున్నాక వీలైనంత వరకు తీయకండి. పాతదీ కొత్తదీ గంటకోసారి మార్చి "ఏది బాగుంది" అని చూసుకుంటూ ఉంటే మెదడుకి ఏ లెక్క కట్టాలో తెలియదు. వికారం మరీ ఎక్కువైతే తీసి, కాసేపు కళ్లు మూసుకుని, మళ్లీ పెట్టుకోండి. కష్టంగా ఉంటే మొదటి రోజు కొన్ని గంటలతో సరిపెట్టి రోజూ పెంచుకుంటూ వెళ్లండి. పాత జోడు కంటికి కనపడని చోట పెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఎదురుగా ఉంటే చెయ్యి దాని మీదికే పోతుంది.

"అద్దాలు పెట్టుకుంటే కళ్లు బద్ధకిస్తాయి, పవర్ పెరుగుతుంది, అందుకే అవసరమైనప్పుడే పెట్టుకోవాలి" అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గేది కంటిలోని లెన్స్ గట్టిపడటం వల్ల. అద్దాలు పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా అది జరిగేదే.

మూడో మెట్టు: మెట్లు, బండి

పడిపోయే ప్రమాదం ఇక్కడుంది కాబట్టి మొదటి వారం జాగ్రత్త. కొత్త అద్దాల్లో మెట్టు లోతు తప్పుగా అంచనా వేస్తాం. దిగేటప్పుడు కళ్లు మాత్రమే దించకుండా తల కూడా వంచి చూడండి, ఓ చెయ్యి రెయిలింగ్ మీద ఉంచండి. ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు, గుడి గడప, బాత్రూం గట్టు లాంటివి చిన్నవే అనిపిస్తాయి కానీ తడబడేది వీటి దగ్గరే.

నేల వాలినట్టు ఉన్నన్నాళ్లూ బండి నడపొద్దు. ఆ తర్వాత కూడా మొదట పగటిపూట, తెలిసిన రోడ్డు మీద. హెల్మెట్ పెట్టుకున్నాకే కళ్లజోడు లోపలికి దూర్చండి. ముందే పెట్టుకుని పైనుంచి హెల్మెట్ దింపితే కాడలు పక్కకి తోసుకుపోయి ఫ్రేము వంకరపోతుంది. రాత్రి ఎదురుబండ్ల లైట్ల చుట్టూ గీతలు, కాంతి చెదరడం కనిపిస్తే ముందు అద్దాలు కడిగి చూడండి. కడిగినా అలాగే ఉంటే చూపించుకోవాల్సిందే.

నాలుగో మెట్టు: ప్రోగ్రెసివ్ వేయించుకున్నవాళ్లకి

చత్వారం వచ్చి, గీత లేకుండా పైన దూరం, మధ్యలో కంప్యూటర్, కింద చదువు అన్నీ ఒకే అద్దంలో కావాలన్నవాళ్లకి వేసేది ప్రోగ్రెసివ్. "పడలేదు" అనే ఫిర్యాదు వీటి మీదే ఎక్కువ వింటాం. కారణం ఉంది. ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ మెత్నాజ్ రూపొందించిన వారిలక్స్ అనే ప్రోగ్రెసివ్ అద్దం 1959లో వచ్చింది. అప్పటినుంచి డిజైన్లు ఎన్ని మారినా పక్కల మసక మాత్రం పూర్తిగా పోలేదు. గీత లేకుండా పవర్ పైనుంచి కిందికి మారితే అద్దంలో వంకర వస్తుంది, అది ఎక్కడో ఒకచోటికి పోవాలి, దాన్ని పక్కలకి తోస్తారు. ఖరీదైన అద్దంలో ఆ మసక తగ్గుతుంది, సున్నా కాదు. ఈ మాట అమ్మేటప్పుడే చెబితే సగం గొడవ ఉండదు.

అద్దం మీద రంగు గుర్తులు ఉండగానే ఒకసారి పెట్టుకుని చూపించమనండి. అందులో ప్లస్ ఆకారంలో ఉన్న గుర్తు, మీరు సూటిగా దూరం చూస్తున్నప్పుడు సరిగ్గా కంటిపాప మధ్యలో పడాలి. రెండు కళ్లకీ. అది చూశాకే తుడవనివ్వండి. ఇప్పటికే తుడిచేశారా? ఫరవాలేదు. అద్దాన్ని వెలుతురుకి పెట్టి వంచి చూస్తే లేజరుతో చెక్కిన రెండు చిన్న గుర్తులు 34 మిల్లీమీటర్ల దూరంలో కనిపిస్తాయి. చెవివైపు ఉన్న గుర్తు కింద యాడ్ పవర్ (దగ్గరి చూపుకి అదనంగా కలిపే పవర్) అంకె ఉంటుంది. వాటిని బట్టి షాపువాళ్లు మళ్లీ రంగు గుర్తులు వేసి సరిచూడగలరు.

వాడకంలో అసలు కిటుకు మెడలో ఉంది. పక్కకి చూడాలంటే కళ్లు తిప్పకుండా ముక్కు అటు తిప్పండి. చదవడానికి తల వంచకుండా చూపు దించండి, పుస్తకం దాదాపు 40 సెంటీమీటర్ల దూరంలో, కాస్త కిందకి పట్టుకోండి. మెట్లకి దీనికి పూర్తి తలకిందులు. గడ్డం ఛాతీకి ఆనేలా వంచి, అద్దం పైభాగంలోంచి చూడాలి. చదివే భాగంలోంచి మెట్టు చూస్తే మసకగా, దగ్గరగా వచ్చినట్టు కనిపిస్తుంది.

అభ్యాసానికి గోడ మీది తెలుగు క్యాలెండర్ చాలు. హాలు అవతలి మూల నుంచి పెద్ద తేదీ అంకె చూడండి, బల్ల దూరంలో నిలబడి పండగల వరస చూడండి, దగ్గరికొచ్చి తిథి, నక్షత్రం, వర్జ్యం ఉన్న చిన్న అక్షరాలు చదవండి. రోజుకి రెండు మూడు సార్లు చేస్తే ఏ దూరానికి అద్దంలో ఏ భాగమో మెడకి తెలిసిపోతుంది.

పడుకుని టీవీ చూస్తే మసకగా ఉంటుంది. తల దిండు మీద ఉన్నప్పుడు చూపు చదివే భాగంలోంచి పోతుంది కదా! అది అద్దం తప్పు కాదు. కిరాణా కొట్టులో పై అరల్లో పాకెట్ల మీద రేటు చదివేవాళ్లకి, నిచ్చెనెక్కి వైరింగ్ చేసేవాళ్లకి కూడా ఇదే చిక్కు. దగ్గరి పవర్ కింద ఉంది, చూడాల్సింది పైన ఉంది. వీళ్లు ఆ పనికి వేరే జోడు పెట్టుకోవడమే మేలు. రోజుకి ఎనిమిది గంటలు రెండు స్క్రీన్లు చూసేవాళ్లకీ అంతే, ఆఫీసుకి విడిగా ఒక జోడు ఉంటే మెడ బతుకుతుంది.

పేపరు చదవాలంటే గడ్డం బాగా పైకెత్తాల్సి వస్తోందా? అద్దం కిందకి ఫిట్ అయింది. దూరం స్పష్టంగా చూడాలంటే గడ్డం దించాల్సి వస్తోందా? పైకి ఫిట్ అయింది. చాలాసార్లు ముక్కు ప్యాడ్‌లు సర్దితే పోతుంది. పోకపోతే కొలత తప్పు, అద్దం మళ్లీ చేయాలి.

రీడింగ్ గ్లాసు తీసుకున్న పెద్దలకి

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు, ఆంధ్రలో 2019 అక్టోబరు 10న మొదలైన వైఎస్సార్ కంటి వెలుగు వల్ల ఎందరో పెద్దవాళ్లకి కళ్లజోడు అందింది. శిబిరంలో చేతికొచ్చింది రీడింగ్ గ్లాసైతే అది దగ్గరి చూపుకే. దూరపు చూపు బాగున్నవాళ్లు ప్లస్ 2.00 రీడింగ్ గ్లాసు పెట్టుకుంటే అరమీటరు దాటినవన్నీ మసకే. దాంతో పొలం గట్టు మీద నడిచి, కళ్లు తిరిగి, "ఈ అద్దాలు నాకు పడలేదు" అని పెట్టెలో పెట్టేసిన తాతయ్యలు, నాయనమ్మలు ఉంటారు. బియ్యంలో రాళ్లు ఏరడానికి, సూదిలో దారం ఎక్కించడానికి, పాస్‌బుక్ చూసుకోవడానికి పెట్టుకోమనండి. లేచి నడిచేటప్పుడు తీసేయమనండి. మెడలో వేలాడే తాడు కొనిస్తే ఇంకా నయం.

ఐదో మెట్టు: వారం తర్వాత ఇంట్లోనే పరీక్ష

ఇబ్బంది తగ్గుతున్నట్టు లేకపోతే ఒక్కో కన్నూ విడిగా చూడాలి. అరచేత్తో ఒక కన్ను మూయండి, నొక్కకండి. గదికి అవతలి గోడ మీదిది ఏదైనా చదవండి. పాత జోడుతో, కొత్త జోడుతో రెండిటితోనూ.

ఒక కంటికి పాతదే స్పష్టంగా ఉంటే, ఆ అద్దాన్నో ఆ కంటి పవర్‌నో అనుమానించాలి. విడివిడిగా రెండు కళ్లూ బాగున్నాయి, కలిపి చూస్తేనే లాగుతోంది లేదా అక్షరం రెండుగా విడిపోతోంది అంటే పీడీ మీద అనుమానం. కళ్లజోడుని వేలితో కొంచెం పైకి తోసినా, కంటికి దగ్గరగా నొక్కినా, ఒక పక్క ఎత్తినా స్పష్టంగా మారిపోతే తప్పు ఫిట్టింగుది. అంచుల్లోంచి చూసినప్పుడే తెల్ల బోర్డు చుట్టూ నీలం, పసుపు అంచు కనిపిస్తే అది అద్దం పదార్థం వల్ల. పాలీకార్బొనేట్, బాగా పల్చగా చేసే 1.67 ఇండెక్స్ ప్లాస్టిక్ లాంటివి మామూలు ప్లాస్టిక్ అద్దంకంటే రంగుల్ని ఎక్కువ చీలుస్తాయి. ఇది చాలామందికి అలవాటైపోతుంది. కానివాళ్లు పవర్‌ని బట్టి వేరే పదార్థం అడగొచ్చు.

నీలి కాంతిని అడ్డుకునే బ్లూ కట్ పూత వేస్తే తెలుపు కాస్త పసుపుగా కనిపిస్తుంది, అదేం ఫరవాలేదు. స్క్రీన్ అలసట తగ్గుతుందని డబ్బు పెట్టినవాళ్లు మాత్రం వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2023 సమీక్షలో చెప్పింది తెలుసుకోవాలి. మామూలు అద్దంతో పోలిస్తే ఈ పూత వల్ల కంటి అలసట తగ్గకపోవచ్చని అది తేల్చింది.

ఆరో మెట్టు: తిరిగి షాపుకి

ఇబ్బంది తగ్గుతూ వస్తుంటే రెండు వారాలు ఆగి చూడండి, వారం గడిచినా ఏమాత్రం తగ్గకపోతే అప్పుడే వెళ్లండి. సూటి చూపే మసకగా ఉంటే మాత్రం రెండో రోజే వెళ్లొచ్చు. "బాగాలేదు" అంటే వాళ్లకి ఏమీ అర్థం కాదు. "కుడి కంటితో బోర్డు చదవలేకపోతున్నాను, ఎడమది బాగుంది", "కంప్యూటర్ చూడాలంటే గడ్డం ఎత్తాల్సి వస్తోంది" అని చెప్పండి. చీటీ, పాత జోడు రెండూ వెంట తీసుకెళ్లండి. పాత జోడు లేకపోతే ఏం మారిందో పోల్చడానికి ఆధారమే ఉండదు. పవర్, పీడీ, ఫిట్టింగు ఈ వరసలో చూడమనండి. అన్నీ చీటీ ప్రకారమే ఉంటే ఇక వెళ్లాల్సింది పరీక్ష చేసినవాళ్ల దగ్గరికి. ప్రోగ్రెసివ్ అలవాటు కాకపోతే మార్చి ఇచ్చే గడువు కొన్ని కంపెనీలకి ఉంటుంది. అది ఎన్నాళ్లో కొనేటప్పుడే బిల్లు మీద రాయించుకోవాలి, తర్వాత అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు.

అద్దం తప్పు లేకపోయినా కుదరకపోతే

షుగర్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. రక్తంలో చక్కెర బాగా ఎక్కువగా ఉన్నప్పుడు, కొత్తగా మందులు మొదలుపెట్టి అది తగ్గుతున్న వారాల్లో, కంటి లెన్స్ మారి పవర్ అటూ ఇటూ అవుతుంది. ఆ రోజుల్లో పరీక్ష చేయించుకుని తీసుకున్న అద్దాలు తర్వాత సరిపోవు. షుగర్ నిలకడగా ఉన్నాక చేయించుకుంటే డబ్బు మిగులుతుంది. శుక్లాలు మొదలైన కొందరికి మైనస్ పెరుగుతూ పోతుంది, తరచూ అద్దాలు మార్చాల్సి వస్తోందంటే అదీ ఒక కారణం కావొచ్చు. ఏసీ గదిలో రోజంతా కూర్చుని కళ్లు పొడిబారినా చూపు కాసేపు స్పష్టంగా, కాసేపు మసకగా ఉంటుంది. రెప్పలు ఆర్పితే స్పష్టమైతే అనుమానం దాని మీదే.

ఇక కొన్ని లక్షణాల్ని కొత్త అద్దాల మీదికి తోసేయకూడదు. ఉన్నట్టుండి కంటి ముందు మెరుపులు, నల్ల చుక్కల వర్షం, ఒక పక్క నుంచి తెర కమ్మినట్టు ఉండటం, ఒక కంటి చూపు హఠాత్తుగా తగ్గడం, కన్ను ఎర్రబడి తీవ్రంగా నొప్పి, వాంతులు, లైట్ల చుట్టూ రంగు వలయాలు, అద్దాలు తీసేసినా పోని జంట బొమ్మలు. వీటిలో ఏది కనిపించినా కళ్లజోడు షాపుకి కాదు, ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లండి. జంట బొమ్మలతో పాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యి పడిపోయినా 108కి ఫోన్ చేయండి.